కొబ్బరికాయకు అటూ ఇటూ

"తాగి నడిపింది," అన్నాడు కరుంబయ్య. "తాగకపోతే నిలువెత్తు మనిషి ఎదురుగా ఉంటే కనబడడా?"

"ఎదురుగా కాదు మామయ్యా, పక్కన," అంది చోందమ్మ.

"పక్కనుంటే మనిషి మనిషి కాకుండా పోతాడా?"

వసారాలో మంచం మీద, పిండికట్టు వేసిన ఎడమకాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని, చేతికర్రతో నేలను పొడుస్తున్నాడాయన. నిన్న సాయంత్రం దాకా ఆ కాలు బాగానే ఉంది. కైల్‌పోద్ పండగకు తుపాకులకు పూజ చేసి, పందికూరతో కడంబుట్టు బియ్యపు ఉండలు సుష్టుగా తిని, మైదానంలో కొబ్బరికాయ పందెం చూసి చెల్లెలి ఇంటికి నడిచి వస్తున్న పెద్దమనిషిని, ఆ చెల్లెలి కోడలే జీపుతో గట్టు కిందికి తోసింది. తెల్లారేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది. పండగ మర్నాడు మావాళ్ళకు కూర మిగలకపోయినా పరవాలేదు, కబురు మిగలాలి.

"అయిదో నెల కడుపుతో ఉన్నాను. వాసన కూడా చూడలేదు," అంది చోందమ్మ.

"మరి కళ్ళేమయ్యాయి? కళ్ళు బాగాలేవని మాత్రం అనకు తల్లీ. ఊరు ఊరంతా చూసింది. చెట్టు చిటారు కొమ్మకు కట్టిన కాయను మొదటి గుండుకే పేల్చావు. మీసాలున్న మగవాళ్ళు నలుగురు తప్పారు. అంత దూరాన అంత కాయ కనబడినదానికి, ఇంత దగ్గర ఇంత కరుంబయ్య కనబడలేదా?"

చోందమ్మ దగ్గర దానికి జవాబుంది. కానీ అది ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు.

"ఒరే ఉత్తయ్యా, నువ్వు చెప్పు," అన్నాడు కరుంబయ్య, మెట్టు మీద కూర్చుని తుపాకీ గొట్టం తుడుస్తున్న మేనల్లుడి వైపు తిరిగి.

"నేను వెనకాల నడిచి వస్తున్నాను మామయ్యా."

"నడిచి వస్తే నోరు కూడా నడిచిపోయిందా?"

ఉత్తయ్య తుడిచిన గొట్టాన్నే మళ్ళీ తుడిచాడు. చోందమ్మ మొగుణ్ణి చూడాలంటే తల మొత్తం అటు తిప్పాలి. తిప్పింది. అతను తల ఎత్తలేదు.

అప్పుడు గుమ్మంలోంచి ముద్దవ్వ మాట్లాడింది. కాఫీ గ్లాసులున్న పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా.

"తాగింది అన్నా. ఒక్క గుక్కే. గెలిచిన సంతోషంలో నేనే ఇచ్చాను."

చోందమ్మ తల మొత్తం గుమ్మం వైపు తిప్పింది. తొమ్మిదేళ్ళ కాపురంలో అత్తగారు అబద్ధమాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ పెద్దావిడ కోడి గుడ్డు పెట్టకపోతే పెట్టలేదని చెప్పే రకం.

కరుంబయ్య గెలిచినవాడిలా వెనక్కి వాలాడు. "అదీ! నిజం నిప్పులాంటిది. సరే, పెద్దవాణ్ణి కనుక నేనే చెబుతున్నాను. వచ్చే కైల్‌పోద్ దాకా ఈ పిల్ల తుపాకీ ముట్టకూడదు, జీపు తాళం ముట్టకూడదు. ఆదివారం వంశపు పెద్దింట్లో దీపం ముందు నిలబడి తప్పయిందని ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటుంది," అంది ముద్దవ్వ, కాఫీ అందిస్తూ.

"ఒప్పుకోను," అంది చోందమ్మ, లేచి లోపలికి వెళుతూ. వెళుతూ ఎడమ భుజాన్ని తలుపు చెక్కకు కొట్టుకుంది. ఆ చప్పుడు అందరూ విన్నారు. కరుంబయ్య అర్థవంతంగా దగ్గాడు.

*

వంటింట్లో ముద్దవ్వ పొయ్యి ముందు నిలబడి, కలపక్కర్లేని కూరను కలుపుతోంది.

"ఎందుకన్నారు అత్తయ్యా అలా?"

"అంటే ఏమైంది? పండగ పూట మన ఇళ్ళల్లో ఆడది ఒక గుక్క తాగడం వింతా? రెండు రోజులు తిడతారు, మూడో రోజు మరిచిపోతారు. మత్తు పొద్దు గూకేలోపు దిగుతుంది."

"ఇది దిగదనేగా మీ భయం?"

గరిటె ఒక్క క్షణం ఆగింది.

"నీ కళ్ళకేం కాలేదు. మా అన్న నల్లకోటు వేసుకున్నాడు. మునిమాపు వేళ నల్లకోటు వేసుకుని దారి పక్కన నడిచేవాడు దేవుడికైనా కనబడడు. నువ్వు కొబ్బరికాయ కొట్టావు. అంతే. అది చాలు."

"కొట్టేటప్పుడు ఏం జరిగిందో చెప్పనా?"

"వద్దు."

"గురి కోసం ఎడమకన్ను మూశాను. కుడివైపు మైదానం సగం పోయింది అత్తయ్యా. మసక కాదు, చీకటీ కాదు. అక్కడ అసలేమీ లేదు. మీరు కూర్చున్న బెంచీ లేదు, మీరు లేరు. కొబ్బరికాయ ఒక్కటి ఆ లేనిదాని అంచున వేలాడుతోంది.  అయినా మీట నొక్కాను."

"అయినా కొట్టావుగా!" ముద్దవ్వ గొంతులో తనకు తెలియకుండానే గర్వం పలికింది. వెంటనే దాన్ని మింగేసింది.

"కొట్టాను. కొట్టాను కాబట్టి బాగానే ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పొగరుతోనే జీపెక్కాను. మామయ్య కాలు విరిగేదాకా ఆ మాటే నమ్మాను. ఇక నమ్మను."

ఈ ఇంట్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే: చోందమ్మ, మొగుడు, అత్తగారు. పెళ్ళయిన మొదటి ఏడు ఒక పెళ్ళిపందిట్లో చోందమ్మ రవిక ముందు తడిసింది. కడుపు లేదు, బిడ్డ లేదు, పాలు మాత్రం వచ్చాయి. ఆడవాళ్ళ చూపులు అటు తిరిగేలోపు ముద్దవ్వ తన తలగుడ్డ విప్పి కోడలి భుజాల చుట్టూ కప్పి, "పిల్లకు చలి," అని ఇంటికి తీసుకొచ్చేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు నెలసరి వచ్చిందీ లేదు, కడుపు పండిందీ లేదు. అప్పుడు మైసూరులో డాక్టర్ వారిజ స్కాను తీయించి, ముక్కు వెనకాల, మెదడు కింద ఉండే చిన్న గ్రంథిలో గడ్డ ఉందని చెప్పింది. పాల హార్మోను అక్కడినుంచే అతిగా ఊరుతోందని చెప్పింది. గడ్డ ఎంతుందని అడిగితే, "మీ తోటలో కాఫీ పండంత," అంది. వారానికి రెండుసార్లు మాత్ర. కాఫీ పండు ఎండి గింజంత అయింది. నెలసరి తిరిగి వచ్చింది. కడుపూ వచ్చింది. ముద్దవ్వ మాత్రం ఇదంతా ఇగ్గుతప్ప దేవుడి చలవేనని ఊరంతా చెప్పుకుంది. చోందమ్మ కాదనలేదు. ఆ పేరు దేవుడికి ఇచ్చినంత మాత్రాన మాత్రకు తక్కువైపోతుందా అనుకుంది.

కడుపు నిలిచిందని తెలియగానే మాత్ర ఆపమన్నది వారిజే. తలనొప్పి వచ్చినా, పక్కచూపు తగ్గినా ఆ రోజే ఫోను చేయమన్నదీ ఆవిడే.

"రాత్రి డాక్టరమ్మకు చెప్పాను," అంది చోందమ్మ. "గడ్డ మళ్ళీ పెరిగి ఉంటుందట. కడుపుతో ఉన్నప్పుడు ఆ గ్రంథే ఉబ్బుతుందట, దాంతోపాటు ఇదీ. పైన కంటినరాలు రెండూ కలిసే చోటుందట, దాన్ని కిందినుంచి నొక్కుతోంది. అందుకే ముందు పక్కలు పోతాయి. ఇవాళే రమ్మంది. చూపు పరీక్ష చేసి, స్కాను చూసి, మాత్ర మళ్ళీ మొదలుపెడతానంది."

"ఆపమన్నదీ ఆవిడే, వేసుకోమంటున్నదీ ఆవిడే! ఆవిడకు మాట మీద నిలకడ లేదు, నువ్వు ఆవిడ మాట మీద నా మనవడి ప్రాణం నిలబెడతావా?"

"వర్షం వస్తే గొడుగు తెరుస్తాం, ఆగితే మూస్తాం. గొడుగుకు నిలకడ లేదంటామా?"

"మాటలు నేర్చావు."

"ఆ మాత్ర వేసుకుంటూ బిడ్డల్ని కన్నవాళ్ళు చాలామంది ఉన్నారట. బిడ్డలకు దానివల్ల కీడు జరగడం చూడలేదంది."

"ఆవిడ చూడలేదు. నేను చూశాను."

ముద్దవ్వ పొయ్యి మంట తగ్గించింది. ఆమె చేతులకు ఏదో ఒక పని కావాలి. మూత తీసి మూత పెట్టింది.

"సీతవ్వకు బిడ్డ పోయినప్పుడు నేనే పక్కనున్నాను," అంది. సీతవ్వ ఆమె కూతురు, మడికేరిలో ఉంటుంది. ఆ బిడ్డ సంగతి ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. "మూడో రోజు దానికి పాలు పడ్డాయి. తాగేవాడు లేడు. ఏడ్చింది, రొమ్ములు రాళ్ళయ్యాయి. నర్సు వచ్చి నా చేతిలో మాత్ర పెట్టింది. పాలింకిపోతాయమ్మా, మింగించండి అంది. నా చేత్తో నేనే మింగించాను. తర్వాత నీ అలమరలో చూశాను. అదే పేరు. ఆ మాత్ర బిడ్డ లేని తల్లికిచ్చేది చోందూ! బిడ్డ ఉన్న తల్లికి కాదు. అప్పుడు నీ కడుపు ఖాళీ కాబట్టి నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను."

 చోందమ్మకు కోపం తగ్గలేదు, కానీ ఆ కోపం నిలబడటానికి చోటు మారింది. ఈ మనిషి తన మీద పగబట్టలేదు. తన కూతురి దుఃఖాన్ని తెచ్చి కోడలి కడుపు మీద కాపలా పెట్టింది. కాపలా వాడి కత్తి మనకే తగులుతుంటే ఏం చేయాలి?

"చితికీ పొయ్యికీ ఒకటే నిప్పు అత్తయ్యా," అంది మెల్లగా. "అన్నం వండుకోవడం మానేశామా?"

"నోర్ముయ్."

"సీతవ్వ వదిన బిడ్డను మాత్ర చంపలేదు. బిడ్డ పోయాకే మాత్ర వచ్చింది. మీరు వెనకాముందూ చేసుకుంటున్నారు."

"నాలుగు నెలలు ఓర్చుకోలేవా? కన్నాక ఏ మాత్ర కావాలంటే అది మింగు."

"నాలుగు నెలలకు కళ్ళు మిగలాలిగా? పుట్టిన బిడ్డను చూసుకోవద్దా నేను?"

"ఎదురుగా ఉన్నది కనబడుతోందిగా. ఎదురుగా పెట్టుకుని చూద్దువుగాని."

ఆ మాట అన్నాక ముద్దవ్వకే ముఖం తిప్పుకోవాలనిపించింది. చోందమ్మ తిప్పుకోనివ్వలేదు.

"బిడ్డ ఎదురుగా కూర్చుని ఉంటుందా? పాకుతుంది. పక్కనుంచి పొయ్యి దగ్గరికి పోతుంది, పక్కనుంచి బావి దగ్గరికి పోతుంది. నిన్న మీ అన్న గట్టు కింద పడ్డాడు, లేచి నన్ను తిట్టగలిగాడు. రేపు నా బిడ్డ పడితే? ఇవాళ పక్కలే. వదిలేస్తే మధ్య కూడా పోతుందంది డాక్టరమ్మ. పోయింది తిరిగి రాకపోవచ్చు కూడా అంది."

"ఎవరికీ తెలియక్కర్లేదు," అంది ముద్దవ్వ మొండిగా. "తాగావనే అనుకోనీ."

"పెళ్ళిపందిట్లో మీరు నా మీద గుడ్డ కప్పారు. మానం కాపాడారు. చచ్చేదాకా మరిచిపోను. ఇప్పుడు అదే గుడ్డ నా కళ్ళకు కడుతున్నారు."

చోందమ్మ వంటింట్లోంచి బయటికి నడిచింది. ఈసారి తలుపుకు తగలకుండా, రెండు చేతులూ చాపి రెండు చెక్కలూ తడుముకుంటూ నడిచింది. దాచుకోలేదు.

*

"మామయ్యా, మీరు సైన్యంలో పాతికేళ్ళు చేశారు," అంది వసారాలోకి వచ్చి, మంచం ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుంటూ. "నేను తాగానో లేదో మీరే తేల్చండి. అత్తయ్యా, ఇలా రండి. ఉత్తయ్యా, ఆ తుపాకీ పక్కన పెట్టు. అది మెరిసింది చాలు."

"ఏమిటీ ఆట?" అన్నాడు కరుంబయ్య. కానీ కర్ర పొడవడం ఆపాడు.

"గురి పెట్టినట్టే ఎడమకన్ను మూసుకుంటాను. మీ కోటు మధ్య గుండీని చూస్తూ ఉంటాను. నా చూపు కదిలితే చెప్పండి, మీరే కాపలా. అత్తయ్య నా కుడిచేతి వైపు గోడ దగ్గరనుంచి నడిచి మీ ముందుకు వస్తుంది. కనబడగానే చెయ్యి ఎత్తుతాను."

ముద్దవ్వ కదల్లేదు.

"నడవవే ముద్దూ," అన్నాడు అన్న. "అబద్ధమైతే ఇక్కడే తేలిపోతుంది."

ముద్దవ్వ నడిచింది. చోందమ్మ అరచేత్తో ఎడమకన్ను మూసుకుని గుండీని చూస్తోంది. ముద్దవ్వ గోడ దాటింది. స్తంభం దాటింది. కోడలి భుజానికి రెండు మూరల దూరంలో నిలబడింది. చెయ్యి లేవలేదు. ఇంకో అడుగు. చోందమ్మ రెప్ప కూడా కొట్టలేదు. కరుంబయ్య మంచం పట్టె దగ్గరికి వచ్చింది ముద్దవ్వ, ఆయన కట్టుకాలికి చీర తగిలింది.

అప్పుడు లేచింది చెయ్యి.

"మళ్ళీ," అన్నాడు కరుంబయ్య. ఆయన గొంతు మారింది. "కన్ను మార్చు. ఒరే, నువ్వు ఎడమవైపునుంచి రా. చప్పుడు చేయకు, చెప్పులు విప్పు."

ఉత్తయ్య వట్టికాళ్ళతో వచ్చాడు. భార్య ముఖాన్ని పక్కనుంచి చూస్తూ, ఇప్పుడు ఎత్తుతుంది, ఇప్పుడు ఎత్తుతుంది అనుకుంటూ వచ్చాడు. ఆమె ఎత్తలేదు. తాను ఆమెకు ఇంత దగ్గరగా ఉండి కూడా లేడన్న సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది. మామయ్య గుండీ దాకా వచ్చాకే ఆమె చెయ్యి లేచింది. అతను అక్కడే నిలబడిపోయాడు.

కరుంబయ్య చాలాసేపు కర్ర పిడిని నిమిరాడు.

"కాయ కొట్టడానికి కాయంత చూపు చాలు," అన్నాడు చివరికి. "మేము గుడ్డివాళ్ళం, కాయనే చూశాం. ముద్దూ, నిన్న నువ్వు దీనికి గుక్క ఇచ్చావా?"

ముద్దవ్వ నేల చూసింది.

"పండగ మర్నాడు నా ముఖాన అబద్ధం చెప్పావు. సరే. అది మన ఇద్దరి మధ్య." చోందమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నిన్ను తాగుబోతువన్నాను. నోరు జారింది. నా కాలు ఇంకో నెలలో అతుక్కుంటుంది. సంగతేమిటో చెప్పు."

చెప్పింది. గడ్డ, పాలు, మాత్ర, డాక్టరమ్మ ఫోను. తొమ్మిదేళ్ళు ముగ్గురి మధ్య దాగిన సంగతి వసారాలో ఎండ పడే చోట చెప్పింది. ముద్దవ్వ తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

అంతా విని కరుంబయ్య బరువుగా తల ఊపాడు. చోందమ్మ ఊపిరి తీసుకుంది. గెలిచాననుకుంది.

"ఐతే ఇల్లు కదలొద్దు," అన్నాడాయన.

"ఏమిటి?"

"నాలుగు నెలలు. జీపు వద్దు, తోట వద్దు, మెట్లు కూడా వద్దు. చెయ్యి పట్టుకుని నడిపిస్తాం. ముద్దవ్వ ఒకవైపు, ఉత్తయ్య ఒకవైపు. నీ కళ్ళు మేమవుతాం తల్లీ. బిడ్డ బయటపడ్డాక వైద్యం చేయిద్దాం. గర్భిణి మందులు మింగడం నాకూ నచ్చదు. బిడ్డ పుట్టగానే నేనే నా చేత్తో గాలిలోకి తుపాకీ పేలుస్తాను, మన ఆనవాయితీ ప్రకారం ఆముదం పుల్లతో విల్లు చేసి బిడ్డ చేతిలో పెడతాను. సరేనా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజమైన నీళ్ళే. ప్రేమతో కట్టిన గది మరీ గట్టిది, తలుపు తన్నితే తన్నినవాళ్ళనే పాపాత్ములంటారు. అది చోందమ్మకు తెలుసు. తెలిసే తన్నింది.

"మీ కళ్ళు మీకే ఉండనివ్వండి మామయ్యా. నా కళ్ళు నాకు కావాలి. నేను ఎవరినీ అడగట్లేదు, చెబుతున్నాను. ఇవాళ మైసూరు వెళుతున్నాను. మాత్ర వేసుకుంటాను. దానికి గడ్డ లొంగకపోతే ముక్కులోంచి ఆపరేషను చేస్తారట, అదీ చేయించుకుంటాను. బిడ్డను కంటాను. ఆ విల్లు మీరు బిడ్డ చేతిలో పెడుతుంటే అటువైపూ ఇటువైపూ కూడా చూస్తాను."

"ఎలా వెళతావు? నడిచా?" అంది ముద్దవ్వ.

అప్పుడు, ఆ పూట మొదటిసారి, ఉత్తయ్య తనంతట తాను నోరు తెరిచాడు.

"జీపు నేను తీస్తాను," అన్నాడు.

అందరూ అతని వైపు చూశారు. ముద్దవ్వ లోపలికి వెళ్ళి కాసేపటికి వచ్చింది. తలగుడ్డ బిగించి కట్టుకుని, చేతిలో సంచీతో. "నేనూ వస్తాను," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. అత్తగారు ఏమీ అనకుండా జీపెక్కినప్పుడే చోందమ్మ అనుమానించాల్సింది. కానీ గెలిచినవాళ్ళకు అనుమానం ఆలస్యంగా వస్తుంది.

*

తల పగిలిపోతోంది. కళ్ళ వెనకాల ఎవరో వేలుతో నొక్కుతున్నట్టుంది. చోందమ్మ తల సీటుకు ఆనించి కళ్ళు మూసుకుంది. జీపు ఊగుతోంది. మిరియాల తీగల వాసన, తడి కాఫీ ఆకుల వాసన వచ్చి పోతున్నాయి. గోణికొప్ప కూడలి వచ్చినట్టు హారన్ల గోల. మలుపు. మళ్ళీ నిశ్శబ్దం.

ఉత్తయ్య చేతిని తాకాలనిపించింది. తాకింది. అతని చెయ్యి గేరు మీద చల్లగా ఉంది.

"నీ నోటి వెంట ఆ మాట వస్తుందనుకోలేదు," అంది, కళ్ళు తెరవకుండా. "సంతోషమేసింది."

అతను చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టుకున్నాడు. వెనక సీట్లో ముద్దవ్వ సంచీ గరగరలాడింది.

కాసేపటికి ఆమెకు మెడ వెనక వెచ్చగా తగిలింది. హాయిగా ఉందనుకుంది మొదట. తర్వాత మూసిన కళ్ళతోనే ఆలోచించింది. మైసూరు తూర్పున ఉంది. పొద్దున మైసూరు వెళ్ళేవాళ్ళకు ఎండ ముఖాన కొట్టాలి. మెడ వెనక ఎందుకు కొడుతోంది?

కళ్ళు తెరిచింది. ముందు రోడ్డు మీద జీపు నీడ పొడుగ్గా పరుగెడుతోంది. పడమటికి పోయే విరాజపేట రోడ్డు.

తల మొత్తం కుడివైపు తిప్పింది. అప్పుడుగానీ అతను ఆమెకు కనబడలేదు. ఉత్తయ్య దవడ బిగించి రోడ్డునే చూస్తున్నాడు. చెంప తడిగా ఉంది.

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి," అన్నాడు. "నాలుగు నెలలు అక్కడుంటే... ఎవరూ ఏమీ అనరు... నేను వారం వారం వస్తాను..."

"నువ్వు మైసూరు అంటే మీ అమ్మ దగ్గర దింపాలని నేనే ఒట్టు వేయించుకున్నాను," అంది ముద్దవ్వ వెనకనుంచి. "రాత్రే. వాణ్ణి అనకు."

"ఆపు," అంది చోందమ్మ.

"చోందూ, ఒక్క మాట..."

"నిన్న మామయ్య నాకు కనబడలేదు, గుద్దాను. ఇవాళ నువ్వు కళ్ళారా చూస్తూ గుద్దుతున్నావు. ఆపు!"

జీపు ఆగింది. అతను ఆపాడో, కాలు దానంతటదే బ్రేకు మీద పడిందో అతనికే తెలియదు.

చోందమ్మ దిగే ముందు తల ఎడమవైపు పూర్తిగా తిప్పి చూసింది. ఎవరూ లేరు. దిగింది. రోడ్డు దాటే ముందు కుడివైపు పూర్తిగా తిప్పి, మళ్ళీ ఎడమవైపు పూర్తిగా తిప్పి, కొత్తగా లోకంలోకి వచ్చినదానిలా చూసింది. ఇక మీద ఇలాగే చూడాలి కాబోలు, సిగ్గుపడక్కర్లేదు అనుకుంది. అటువైపు చేరి, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఇప్పుడు ఎండ ముఖాన కొడుతోంది. తలనొప్పికి అది సూదుల్లా గుచ్చుతోంది. అయినా తల దించలేదు. సరైన వైపు వెళుతున్నానని చెప్పే ఎండ అది.

వెనకనుంచి జీపు తలుపు చప్పుడు వినిపించింది. తిరగలేదు.

బస్టాపు దగ్గర ఆగి, తాను వచ్చిన వైపుకు మళ్ళీ ముఖం తిప్పింది. దూరాన మలుపులో ప్రభుత్వ బస్సు కనబడింది. అంత దూరాన్నుంచే బోర్డు చదివింది. మైసూరు. ఎదురుగా ఉన్నది ఆమెకు ఎప్పుడూ బాగానే కనబడుతుంది. చెయ్యి ఎత్తింది.

బస్సెక్కి, రాడ్డు పట్టుకుని నిలబడింది. కండక్టరు ఆధార్ కార్డు చూశాడు. ఆడవాళ్ళకు టికెట్టు ఊరికే.

"ఎంతమందమ్మా?"

"ఒక్కదాన్నే."

"ఇద్దరు," అంది ఎడమపక్క లేనిచోటునుంచి ఒక గొంతు.

చోందమ్మ తల తిప్పింది. ముద్దవ్వ. తలగుడ్డ జారిపోయింది, రొప్పుతోంది, చేతిలో సంచీ. ఆ వయసులో బస్సు కోసం పరుగెత్తినట్టుంది.

"నేను ఒప్పుకోలేదు," అంది ముద్దవ్వ, ఊపిరి అందక ముక్కలు ముక్కలుగా. "ఒప్పుకున్నానని అనుకోకు. ఆ డాక్టరమ్మను నేనే అడుగుతాను. నా కూతురికి పాలింకడానికిచ్చిన మాత్ర నా కోడలికి ఎందుకిస్తోందో నా ముఖం చూసి చెప్పమంటాను."

"చెబుతుంది."

"చెప్పింది నాకు నచ్చకపోతే..."

"నచ్చకపోతే?"

ముద్దవ్వ సంచీని గుండెకు అదుముకుంది. ఆ సంచీలో ఏముందో చోందమ్మకు తెలియదు. అడగాలనీ అనిపించలేదు.

ముందువైపు ఇద్దరు కూర్చునే సీటు ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా, డ్రైవరు వెనక, జనం వైపు తిరిగి ఉండే అడ్డసీటు కూడా ఖాళీగా ఉంది. చోందమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ముద్దవ్వ అలవాటుగా కోడలి పక్కన కూర్చోబోయింది. పెళ్ళిళ్ళకూ, గుడికీ, ఆసుపత్రికీ ఇన్నేళ్ళూ అలాగే కూర్చుంది.

"అక్కడ వద్దు అత్తయ్యా," అంది చోందమ్మ.

"ఎందుకు?"

"వస్తే ఎదురుగా కూర్చోండి. నా ముఖం మీకు, మీ ముఖం నాకు కనబడేలా. పక్కన కూర్చుంటే మీరు నాకు లేరు."

బస్సు కుదుపుతో కదిలింది. ముద్దవ్వ ఒక చెయ్యి ఈ సీటు మీద, ఒక చెయ్యి ఆ సీటు మీద వేసి, ఇంకా నిలబడే ఉంది.